మీ బస్టాప్ ఫొటో మీ దగ్గరుందా?

2018 జులై 5. పొద్దున్నే నాన్న ఫోన్.

"గౌలిగూడ షెడ్డు కూలిపోయిందంట రా. టీవీల చూపిస్తున్నరు. నీ ఫోన్ల దాని ఫొటో ఏమన్న ఉన్నదా?"

"ఉండకేం నాన్నా, ఇప్పుడే పంపిస్తా" అన్నా.

గ్యాలరీ మొత్తం వెతికా. దాదాపు నాలుగు వేల ఫొటోలు. బిర్యానీ ఉంది, పక్కింటి పిల్లి ఉంది, సినిమా టికెట్లు కూడా ఉన్నాయి. నాన్న ఆర్టీసీలో కంట్రోలర్‌గా రిటైరైన రోజు ఆ షెడ్డు కింద తీసిన ఫొటో ఒక్కటే దొరికింది. మెడలో దండ, భుజాన శాలువా, నవ్వుతున్న నాన్న. వెనకున్న కప్పునంతా పోర్ట్రెయిట్ మోడ్ మసక చేసేసింది. అదే పంపాను. "ఇందుల నేనే ఉన్న కదరా" అన్నాడాయన. ఆ మాట ఇప్పటికీ గుచ్చుతుంది.

చూడనివాళ్ల కోసం చెబుతున్నా. గౌలిగూడ బస్టాండ్ అంటే ఒక పెద్ద రేకుల కమాను. అంత వెడల్పున్నా మధ్యలో ఒక్క స్తంభం లేదు. విమానాలు పెట్టుకోవడానికి అమెరికాలో తయారైన షెడ్డని, పేరు మిసిసిపీ హ్యాంగర్ అని చెబుతారు. నిజాం రైల్వే 1932లో 27 బస్సులు, 166 మంది ఉద్యోగులతో రోడ్డు రవాణా మొదలుపెట్టింది. మన ఆర్టీసీకి మూలం అదే. ఆ రోజుల నుంచీ ఉన్న షెడ్డు ఇది. వాన పడితే లోపల పక్కనున్న మనిషి మాట కూడా వినపడేది కాదు. పగుళ్లు ముందే గమనించి బస్సులను, జనాన్ని బయటికి పంపడంతో, కూలిన రోజు ఎవరికీ ఏమీ కాలేదు. అదొక్కటే అదృష్టం.

అప్పట్నుంచీ నాకిదో పిచ్చి. సెలవు దొరికితే బస్టాండ్లు, రైల్వే స్టేషన్లు, ఊళ్లలో బస్ షెల్టర్లు ఫొటోలు తీస్తూ తిరుగుతున్నా. ఫ్రెండ్స్ నవ్వుతారు. "చార్మినార్ ఉండగా బస్టాప్ ఏంట్రా?" అంటారు. చార్మినార్ ఫొటో కోట్ల ఫోన్లలో ఉంది. అది పోదు, దాన్ని పోనివ్వరు. బస్టాప్ సంగతి అలా కాదు. ఒక రోడ్డు వెడల్పు పనికి సరిపోతుంది, తెల్లారేసరికి ఉండదు.

ఈ పిచ్చి నాకొక్కడికే లేదని తర్వాత తెలిసింది. క్రిస్టఫర్ హెర్విగ్ అని కెనడా ఫొటోగ్రాఫర్ ఉన్నాడు. 2002లో లండన్ నుంచి సెయింట్ పీటర్స్‌బర్గ్‌కి సైకిల్ మీద బయల్దేరాడు. గంటకో మంచి ఫొటో తీయాలని తనకు తనే నియమం పెట్టుకున్నాడు. దారిలో పాత సోవియట్ దేశాల బస్టాప్‌లు కంటబడ్డాయి. ఒక్కోటి ఒక్కో ఆకారం, ఒక్కో రంగు. తర్వాత వాటి కోసమే ఏళ్ల తరబడి తిరిగి 2015లో పుస్తకం వేశాడు. ఎవరూ పట్టించుకోని కట్టడాల కోసం ఒక మనిషి అన్నేళ్లు తిరిగాడంటే నాకు కాస్త ధైర్యం వచ్చింది.

మొన్న ఆదివారం కాచిగూడ నుంచి మొదలుపెట్టా. పొద్దున ఆరున్నర. 1916లో కట్టిన స్టేషన్. గోపురాలు, మినార్లు చూసి రాతి కట్టడం అనుకుంటాం. ఉస్మానియా ఆసుపత్రి, సిటీ కాలేజీ భవనాలను రూపొందించిన విన్సెంట్ ఎష్ దీన్ని కాంక్రీటుతో కట్టించాడు. పరదా పాటించే ఆడవాళ్లకు అప్పట్లో వేరే దారి ఉండేది. ఎండ ఏటవాలుగా పడే ఆ గంటలో గోడ మీది ప్రతి గీతా తేలి కనిపిస్తుంది. పది దాటిందంటే అంతా చప్పగా అయిపోతుంది.

అక్కణ్నుంచి నడుచుకుంటూ గౌలిగూడ. కమాను ఉన్న చోట తలెత్తి చూస్తే ఆకాశం. అదీ ఒక ఫొటో తీశా. మూసీ దాటితే ఇమ్లీబన్. 1994లో ఎంజీబీఎస్ మొదలయ్యాక జిల్లా బస్సులన్నీ ఇటే వచ్చేశాయి. ఇక్కడ నేను తీసేది బోర్డులు. "విచారణ", "ప్రయాణ ప్రాంగణం", ప్లాట్‌ఫాం నంబర్లు. చేత్తో రాసిన తెలుగు అక్షరాలు ఇంకా అక్కడక్కడా మిగిలాయి. వాటి మీద ఫ్లెక్సీ పడకముందే తీసుకోవాలి.

ప్రతిచోటా సాఫీగా జరగదు. ఒక పెద్ద స్టేషన్‌లో గార్డు ఆపేశాడు. "ఏం ఫొటోలు తీస్తున్నవ్? ఇక్కడ ఏమున్నది?" తీసినవన్నీ చూపించా. ఒక పాత సిమెంటు జాలీ ఫొటో దగ్గర ఆగి, "ఇట్లాంటిదే ఆ మెట్ల కింద ఇంకోటున్నది, రా" అని తనే తీసుకెళ్లాడు.

మధ్యాహ్నం నల్గొండ వైపు మా అమ్మమ్మ వాళ్ల ఊరికి బస్సెక్కా. ఊరి బయట నాలుగు స్తంభాలు, ఒక స్లాబు, మూడు వైపులా అరుగు, అంతే షెల్టర్. ఎవరో తల్లి జ్ఞాపకార్థం కట్టించిన రాయి గోడలో ఉంది. చిన్నప్పుడు సెలవులయ్యాక మమ్మల్ని బస్సెక్కించి అమ్మమ్మ ఆ అరుగు మీదే కూలబడి ఏడ్చేది.

స్తంభం మీద ఎర్ర రంగుతో గుర్తు పెట్టారు. రోడ్డు వెడల్పు చేస్తారట.

అరుగు మీదున్న పెద్దాయన నన్ను చూసి, "సర్వేకొచ్చినవా బిడ్డా?" అన్నాడు. కాదు తాతా, ఫొటోకి అన్నా. ముందు దూరం నుంచి మొత్తం కట్టడం తీశా, చుట్టూ ఉన్న వేపచెట్టు, రోడ్డు కూడా పడేలా. తర్వాత నాలుగు వైపులా. తర్వాత దగ్గరికెళ్లి జ్ఞాపకార్థం రాయి, గోడ మీద బొగ్గుతో రాసిన బస్సు టైములు, కూర్చుని కూర్చుని నునుపెక్కిన అరుగు అంచు. చివర్లో, అడిగి, తాత ఫొటో. ఈసారి పోర్ట్రెయిట్ మోడ్ ఆఫ్.

రాత్రి ఇంటికొచ్చి నాన్నకు చూపించా. కట్టడం గురించి ఆయనేం మాట్లాడలేదు. బొగ్గు రాతల ఫొటోని రెండు వేళ్లతో పెద్దది చేసి చాలాసేపు చూశాడు. "ఆరు నలభై బస్సు. ఇది గౌలిగూడ నుంచి నేను పంపిన బండే రా" అన్నాడు. ఆ తర్వాత డ్రైవర్ల పేర్లు, చెడిపోయిన బండ్లు, వరదలో ఆగిన రాత్రి, ఇలా పన్నెండు దాకా చెబుతూనే ఉన్నాడు. నేనెప్పుడూ అడగని సంగతులు.

రేపు బస్సు కోసం నిలబడ్డప్పుడు, ఒక్కసారి రోడ్డవతలికి వెళ్లి మీ బస్టాప్ మొత్తం పడేలా ఒక ఫొటో తీయండి. తేదీ, ఊరు పేరు రాసి పెట్టుకోండి. ఇంట్లో పెద్దవాళ్లకు చూపించండి. ఆ తర్వాత ఫోన్ పక్కన పెట్టి వినండి.