పిలువని పిలుపులు

పిలువని పేరంటమునకు పోరాదని మన పెద్దల మాట. నేటి వర్తకులు ఆ మర్యాదను విడిచిరి. ఇంటి తలుపు మూసియున్నను చేతి ఫోనులో దూరి, అప్పు కావలెనా, బీమా కావలెనా, ఇంటి స్థలము కావలెనా యని వేళగాని వేళ నడుగుచున్నారు.

ఇది చిన్న విసుగే కదా, పిలుపును త్రెంచిన చాలునని చదువుకొన్నవారు తలంతురు. మేమట్లు తలంపజాలము. మా జహీరాబాదు ప్రాంతమున చెఱకు తోటలోని రైతునకు ఫోను మ్రోగినచో, కోతకూలీల మేస్త్రీ పిలిచెనో, దూరదేశమున నున్న కుమారుడు పిలిచెనో యని తోచును. పని విడిచి తీయక తప్పదు. ఇంటనున్న ముసలమ్మకు అవతలి హిందీ సగమే తెలియును. తెలియని సగమునకు గూడ మర్యాదకొఱకు ‘సరే’ యనును. పంటసొమ్ము చేతికందని నెలలో అప్పిత్తుమను పిలుపు వచ్చినచో వలదనుట యెంత కష్టమో సంసారులెల్ల రెఱుగుదురు.

చట్టము లేదా యనిన, కలదు. టెలికాం నియంత్రణ సంస్థయగు ట్రాయ్ 2007లో మొదటి నియమావళిని, 2010లోను 2018లోను క్రొత్తవానిని చేసినది. 1909 సంఖ్యకు పిలిచి, ప్రకటనల పిలుపులు మాకు వలదని యెవరైనను నమోదు చేసికొనవచ్చును. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము, నమ్మి యిచ్చిన సొంత వివరములను చట్టసమ్మతము గాక యితరులకు వెల్లడించుటను అనుచిత వ్యాపారపద్ధతిగా నెంచినది.

అయినను పిలుపులు ఆగలేదు. నమోదు లేని వ్యాపారులు మామూలు పదంకెల సంఖ్యలనుండి పిలుచుటయే యిందులకు ముఖ్యకారణము. వీరికొఱకే 2025 ఫిబ్రవరిలో నియమములను సవరించిరి. పిలుపు వచ్చిన 7 దినములలోగా, ముందు నమోదు చేసికొననివారు సైతము, 1909నకు ఫిర్యాదు చేయవచ్చును. 10 దినములలో 5గురు వేర్వేరు వ్యక్తులు ఫిర్యాదు చేసినచో కంపెనీ చర్య తీసికొనవలెను. మొదటి తప్పునకు 15 దినములు బయటికి పిలుపులు పోకుండ ఆపుదురు. మరల చేసినచో ఒక యేడు కనెక్షనునే తీసివేయుదురు.

ఈ లెక్కలోనే మన కర్తవ్య మున్నది. ఒక్కరి ఫిర్యాదు చాలదు, అయిదిండ్లవారు కదలవలెను. నలుగురు ఫిర్యాదు చేసి అయిదవవాడు ఊరకున్నచో, ఆ మౌనమే వర్తకునకు కవచమగును.

తలుపు మూసికొను భారమును ఇంటివారిపైనే మోపుట న్యాయమా యని యడుగవచ్చును. న్యాయము కాదు. ముందు సమ్మతి, పిదప పిలుపు అనుటయే ధర్మము. దానికొఱకు అడుగుచునే యుండవలెను. అంతవరకు చదువు వచ్చిన ప్రతి గృహస్థుడును గృహిణియు పొరుగింటి ఫోనును గూడ 1909లో నమోదు చేయింపుడు. మహిళాసంఘముల కూటములలో ఫిర్యాదు చేయు విధమును నేర్పుడు. పిలిచిన సంఖ్య, తేదీ, చెప్పిన మాట: ఈ మూటిని వ్రాసియుంచుకొనుట పాఠశాల పిల్లలకైనను సాధ్యమే.