బ్రేకు తొక్కితే ఆగిపోయే బండి

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసివ్వమని తమ్ముళ్లు ఫోన్ చేశారు. కవితలు మాకు రావు. పానాలు పట్టుకునే చేతులు మావి. అందుకని మాకు తెలిసిన ఒక బండి సంగతే రాస్తున్నాం.

మేమిద్దరం హాస్టల్లో ఒకే ట్రంకు పెట్టె పంచుకున్నవాళ్లం. పదో తరగతి అయ్యాక ఐటీఐలో మోటార్ మెకానిక్ చేశాం. కొన్నేళ్లు ఒక మేస్త్రీ దగ్గర పని నేర్చుకుని, 2010లో మిర్యాలగూడలో రోడ్డు పక్కన రేకుల షెడ్డు వేసుకున్నాం. మరుసటి ఏడాది ఎండాకాలంలో ఒక తెల్ల మారుతి జెన్ వచ్చి షెడ్డు ముందు ఆగింది. ఆగడమంటే ఇంజన్‌తో సహా ఆగింది! డోరు తీసుకుని దిగినాయన మన పాత వార్డెన్ సార్.

సార్ అప్పటికే రిటైరయ్యారు. అమ్మకు కిడ్నీలు పాడై, వారానికి రెండుసార్లు డయాలసిస్ కోసం నల్గొండ తీసుకెళ్లాలి. అందుకే ఈ సెకండ్ హ్యాండ్ బండి కొన్నారు. 1998 మోడల్, కార్బ్యురేటర్ బండి. "నడిచినంతసేపు మంచిగనే నడుస్తదిరా. ఎక్కడన్న ఆపుదామంటే బంద్ అయితది" అన్నారు.

మాకు ఆ ఒక్క మాట చాలనిపించింది. ఆగేటప్పుడు ఆఫ్ అవుతోందంటే కార్బ్యురేటర్‌లో స్లో జెట్ మూసుకుపోయి ఉంటుంది. ఐడ్లింగ్‌కు కావలసిన పెట్రోలు అందులోంచే రావాలి. పాత బండ్లలో నూటికి తొంభై దాని పనే. కార్బ్యురేటర్ విప్పి, జెట్లు గాలి కొట్టి, ప్లగ్గులు శుభ్రం చేసి, ఎయిర్ ఫిల్టర్ మార్చి, ఐడ్లింగ్ కొంచెం పెంచాం. షెడ్డులో గంటసేపు ఆగకుండా తిరిగింది. సార్ దగ్గర డబ్బులు వద్దన్నాం గానీ వినలేదు. 450 రూపాయలు లెక్కపెట్టి చేతిలో పెట్టారు.

నాలుగు రోజులకు బండి మళ్లీ వచ్చింది. మేము ఐడ్లింగ్ ఇంకొంచెం పెంచాం. సార్ వెళ్తూ వెళ్తూ "బ్రేకు కూడ గట్టిగ ఉన్నట్టుందిరా, నాకే కాళ్లల్ల బలం తగ్గిందేమో" అన్నారు. బ్రేకు సంగతి తర్వాత చూద్దాం సార్ అన్నాం. ఆ మాట ఇప్పుడు తలుచుకున్నా సిగ్గుగా ఉంటుంది.

మూడోసారి సార్ ఫోన్ చేయలేదు, నేరుగా వచ్చారు. డయాలసిస్ చేయించుకుని తిరిగి వస్తుంటే రైల్వే గేటు పడిందట. ముందు లారీల వరుస. సార్ బ్రేకు తొక్కగానే ఇంజన్ బంద్. పెడల్ రాయిలా బిగుసుకుపోయింది. రెండు కాళ్లూ వేసి తొక్కితే, ముందున్న లారీకి జానెడు దూరంలో ఆగిందట. వెనక సీట్లో అమ్మ పడుకుని ఉంది. సార్ మమ్మల్ని తిట్టలేదు. తిడితే బాగుండేది.

"మీరు నన్ను ఒక్క మాట కూడ అడగలేదేందిరా?" అన్నారు.

హాస్టల్లో సార్ దగ్గర ఒక బిస్కెట్ డబ్బా ఉండేది, మీలో పాతవాళ్లకు గుర్తుండే ఉంటుంది. అందులో మాత్రలు. కడుపునొప్పి అని వెళ్తే డబ్బా మూత వెంటనే తీసేవారు కాదు. ఎప్పటినుంచి, ఏం తిన్నావు, పడుకుంటే తగ్గుతోందా అని అడిగి అడిగి, సగం మందిని మాత్ర లేకుండానే పంపేవారు. లెక్కల పరీక్ష రోజు నొప్పి వచ్చినవాళ్లను మరీ ఎక్కువ అడిగేవారు! (మాలో ఒకడికి అది స్వానుభవం.)

అప్పుడు అడిగాం. "సార్, బ్రేకు తొక్కకుండా, న్యూట్రల్ చేసి వదిలేస్తే దానంతటదే ఆగినప్పుడు కూడా బంద్ అవుతుందా?" సార్ కాసేపు ఆలోచించి, "లేదురా. మా ఇంటి ముందర ఎత్తు ఉంటది. ఆడ బ్రేకు లేకుండనే ఆపుత. ఎన్నడు బంద్ కాలే" అన్నారు.

మేము షెడ్డులో చేసిన పరీక్షలన్నీ బానెట్ ఎత్తి, నిలబెట్టిన బండి మీద చేసినవే. బ్రేకు మీద ఎవరి కాలూ లేదు. రోడ్డు మీద ట్రయల్ వేసినప్పుడేమో, పాత బండ్లు నడిపిన అలవాటుకొద్దీ బ్రేకు తొక్కుతూనే ఎక్స్‌లేటర్‌ను కూడా కొంచెం తొక్కి పట్టుకున్నాం. ఇక రోగం ఎలా బయటపడుతుంది?

ఐడ్లింగ్ మామూలుకు తగ్గించాం. ఒకడు లోపల కూర్చుని బ్రేకు తొక్కాడు. పెడల్ దగ్గర బుస్సుమని గాలి చప్పుడు. ఇంజన్ రెండుసార్లు వణికి ఆగిపోయింది. తర్వాత మానిఫోల్డ్ నుంచి బ్రేక్ బూస్టర్‌కు పోయే రబ్బరు పైపును గుడ్డ చుట్టి ప్లయర్‌తో నొక్కిపెట్టి మళ్లీ తొక్కించాం. ఇంజన్ కదలకుండా తిరిగింది. ఇంకో పరీక్ష కూడా చేశాం. ఇంజన్ ఆపి, పెడల్‌ను నాలుగైదుసార్లు తొక్కి, కాలు తీయకుండా సెల్ఫ్ కొడితే పెడల్ కొంచెం కిందికి దిగాలి. ఇది దిగలేదు.

బూస్టర్ లోపల డయాఫ్రమ్ అని ఒక రబ్బరు పొర ఉంటుంది. ఇంజన్ పీల్చుకోవడం వల్ల పొరకు రెండు పక్కలా గాలి తగ్గి ఉంటుంది. బ్రేకు తొక్కితే ఒక పక్కకు మాత్రం బయటి గాలి వస్తుంది. ఆ తేడాయే పొరను నెట్టి మన కాలికి సాయం చేస్తుంది. పొర చిరిగితే ఆ గాలి సాయం చేయడం మానేసి పైపులోంచి నేరుగా ఇంజన్‌లోకి పోతుంది. ఐడ్లింగ్‌లో ఇంజన్ పీల్చేదే కొద్దిగా. దానికి లెక్కలేని గాలి కలిస్తే పెట్రోలు చాలక ఆరిపోతుంది. ఎక్స్‌లేటర్ తొక్కి ఉంటే ఆ గాలి ఒక లెక్క కాదు. బండి ఆగిపోవడం, బ్రేకు గట్టిపడడం రెండూ ఒకే చిరుగు పని. సార్ కాళ్లల్లో బలం తగ్గలేదు. మేము ఐడ్లింగ్ పెంచి చేసింది బాగు కాదు, రోగాన్ని కప్పిపెట్టడం.

ఇప్పుడు ఇంజెక్షన్ బండ్లు వచ్చాయి. వాటిలో థ్రాటిల్ బాడీకి మసి పట్టినా, ఐడ్లింగ్ చూసుకునే వాల్వు చెడినా ఇలాగే ఆగిపోతాయి. స్కానర్ పెట్టి చూస్తాం. అయినా స్కానర్ తీసే ముందు బండి ఆయనను కుర్చీలో కూర్చోబెట్టి మాట్లాడిస్తాం.

పాత బూస్టర్ తెచ్చి వేస్తే సగం ధరకు అయ్యేది. బ్రేకు విషయంలో మాకు ధైర్యం చాలలేదు. కొత్తది తెప్పించి వేశాం. సామాను డబ్బులు తీసుకున్నాం, కూలి తీసుకోలేదు. ముందు తీసుకున్న 450 రూపాయలు తిరిగి ఇచ్చాం. సార్ వద్దంటారనుకున్నాం. తీసుకుని, మెస్ లెక్కలు చూసినప్పటిలాగే రెండుసార్లు లెక్కపెట్టి జేబులో పెట్టుకున్నారు.

తర్వాతి డయాలసిస్ రోజు సార్ మమ్మల్ని కూడా ఎక్కమన్నారు. ఒకరం ముందు, ఒకరం అమ్మ పక్కన. అదే గేటు పడి ఉంది. సార్ నెమ్మదిగా బ్రేకు తొక్కారు. అందరం ఊపిరి బిగబట్టి కూర్చున్నాం. అమ్మ కళ్లు తెరిచి, "ఏందిది, బండి ఆగలేదా?" అంది.

"ఆగింది" అన్నారు సార్. "ఇంజనే ఆగలే."