చిత్రాలకు మూడు నెలవులు

మానవుడు స్మృతిజీవి. గడచిన దినాలను ఏదో ఒక రూపంలో నిలుపుకొనవలెనన్న ఆరాటం అతనికి సహజం. మన పెద్దలు ఆ స్మృతులను ట్రంకు పెట్టెలలో దాచారు. మన తరం అరచేతిలో ఇమిడే ఫోనులో దాచుకొంటున్నది. దాచుకొనే చోటు చిన్నదైన కొద్దీ పోగొట్టుకొనడం సులభమైనదన్న సత్యాన్ని మాత్రం మనలో అనేకులు గుర్తించినట్లు తోచదు.

మాది కర్నూలు, తుంగభద్రా హంద్రీ నదులు కలిసే పట్టణం. 2009 అక్టోబరు 2వ తేదీన వరద ఊరిలోనికి చొచ్చుకొని వచ్చినప్పుడు మేమందరం మేడ పైకెక్కి ప్రాణాలు దక్కించుకొన్నాము. క్రింది గదిలోని ట్రంకు పెట్టె మునిగిపోయింది. నీరు తీసిన పిమ్మట చూడగా ఆల్బము పుటలు ఒకదానికొకటి అంటుకొని ఉన్నాయి. విడదీయబోతే ముఖాలే చెరిగిపోయాయి. దాదీజాన్ ఆ కాగితాలను ఎండలో పరచి, ఎవరు ఎక్కడ నిలుచున్నారో వ్రేలితో చూపుతూ కూర్చున్నారు. తాతగారి నికాహ్ నాటి చిత్రానికి మరొక ప్రతి హైదరాబాదులో మా ఫుప్పూజాన్ ఇంట ఉండినది. నేడు మా పిల్లలు ముత్తాతగారి ముఖమెరుగుదురంటే ఆ ఒక్క ప్రతియే కారణం.

ఆనాడు మాకు నీటి భయం. నేడు నీరు లేకుండానే మునక సంభవిస్తున్నది. ఫోను దొంగల పాలు కావచ్చు. హార్డ్ డిస్కు చేయి జారి పడితే లోపల తిరిగే పళ్ళెములు చెడిపోవచ్చు. పెన్‌డ్రైవులో సమాచారం సూక్ష్మ విద్యుదావేశ రూపంలో నిలుస్తుంది గనుక, ఏండ్ల తరబడి మూలన పడవేస్తే అది క్షీణించే అవకాశం కలదు. పెద్ద సంస్థల భాండారాలు సైతం శాశ్వతములు కావు. 2003 మొదలు 2015 వరకు తమ వద్ద చేర్చిన పాటలు, చిత్రాలు యంత్రాల మార్పిడిలో పోయి ఉండవచ్చునని మైస్పేస్ సంస్థ 2019లో తెలియజేసింది. గూగుల్ ఫొటోస్ వారి అపరిమిత ఉచిత సదుపాయం 2021 జూన్ 1వ తేదీతో ముగిసింది.

దీనికి విరుగుడుగా ఛాయాగ్రాహకుడు పీటర్ క్రోగ్ ప్రచారంలోనికి తెచ్చిన సూత్రమొకటి ఉన్నది: మూడు ప్రతులు, రెండు విధాల సాధనాలు, ఒక ప్రతి వేరొక చోట. వరద మాకు నేర్పిన పాఠం కూడ ఇదియే. మా ఇంట ప్రతి నెలా మొదటి ఆదివారం ఫోనులలోని చిత్రాలను కంప్యూటరులోనికి ఎక్కించి, సంవత్సరము, మాసము, సందర్భము పేర్లతో విభజిస్తాము. రెండవ ప్రతిని విడి హార్డ్ డిస్కులో వ్రాసి, వెంటనే దాని తీగను ఊడదీసి బీరువాలో పెడతాము. కంప్యూటరుకు సోకిన వైరస్ దానికి సోకరాదు గదా! మూడవ ప్రతి ఫుప్పూజాన్ ఇంట ఉంటుంది. ఈద్‌కు వెళ్ళినప్పుడెల్లా క్రొత్త డిస్కు ఇచ్చి పాతది తెచ్చుకొంటాము. తెచ్చిన దానిలో నాలుగు చిత్రాలను తెరచి చూస్తాము. తెరచి చూడని ప్రతిని నమ్మరాదు.

ఇక్కడ రెండు హెచ్చరికలు అవసరం. ఫోనుతో పాటు తానే మారే ఆన్‌లైను ఖాతాను భద్రమైన ప్రతిగా భావించరాదు. ఒకచోట చెరిపినది రెండవచోట కూడ చెరిగిపోతుంది. వాట్సాప్‌లో మామూలుగా పంపిన చిత్రం పరిమాణం తగ్గి చేరుతుంది గనుక అసలు ప్రతితో సమానం కాదు.

ఈ శ్రమ అంతా ఎందుకని మిత్రులు మమ్మల్ని అడుగుతుంటారు. దాదీజాన్ ఇప్పుడు లేరు. ఆ వరద రాత్రి కథను ఉర్దూలో మొదలుపెట్టి, మధ్యలో తెలుగులోనికి దిగి, నవ్వుతూ ముగించిన వారి కంఠస్వరం మా వద్ద పదకొండు నిమిషాలు ఉన్నది. అటువంటి స్వరాన్ని మరల ఏ బజారులోను కొనలేము.

విద్యార్థి సోదర సోదరీమణులారా! ఈ సెలవులలో ఇంటికి వెళ్ళినప్పుడు అమ్మీ ఫోనులోని చిత్రాలకు, నానాజాన్ మాటలకు మరొక ప్రతి తీయండి. దానిని మరొక ఇంటికి చేర్చండి. ఒక్క పూట పని. తరువాతి తరాలకు అది తరగని ఆస్తి.