ఈడ్పు చాప

కిందటి ఏడాది శరత్కాలంలో న్యూజెర్సీలోని మా అమ్మాయి ఇంట మూడు మాసాలు గడపవలసి వచ్చింది. ఆ దేశంలో నాబోటి విశ్రాంత ఉపాధ్యాయునికి వ్యాపకాలు రెండే. మనవడిని బడి బస్సు ఎక్కించడం, ఆపైన పార్కులో ప్రదక్షిణలు చేయడం. ఆ పార్కులో ఆకుపచ్చని రాతిపొడి పరచిన టెన్నిసు కోర్టు ఒకటి ఉన్నది. ఒక ఉదయం అక్కడి పనివాడొకడు మనిషి నిలువంత వెడల్పుగల చాప వంటి దానిని తాటితో లాగుతూ, కోర్టు అంచు వెంబడి చుట్లు చుడుతూ లోపలికి వస్తున్నాడు. రాలిన మేపుల్ ఆకులన్నీ ఆ చాపను అంటుకొని వెంట వస్తున్నవి. వెనుక నేల దువ్వినట్లు అవుతున్నది. ఉన్న చోటనే నిలిచిపోయాను. సాయంత్రం మనవడిని అడిగితే, "దాన్ని డ్రాగ్ మ్యాట్ అంటారు తాతయ్యా" అన్నాడు. బేస్‌బాల్ మైదానాల మీద కొబ్బరిపీచుతో అల్లినవి కూడా లాగుతారట. మన గడపల ముందు కాళ్ళు తుడుచుకునే పీచుపట్టాకు సముద్రాల ఆవల అంతటి గౌరవం ఉన్నదని నాకు అంతవరకూ తెలియదు.

దీనికి తెలుగు మాట ఏమి అని ఆ రాత్రి ఆలోచించాను (పాత అలవాటు, పోదు). 'లాగుడు చాప' అనవచ్చును. కాని లాగడంలో బలం మాత్రమే ఉన్నది, ఈడ్వడంలో నేలతో ఒరిపిడి కూడా ఉన్నది. కనుక 'ఈడ్పు చాప' అని పెట్టుకున్నాను. ఇంతకంటె మంచి మాట తోచినవారు చెబితే సంతోషిస్తాను. మా కోవూరి బడిలో దానిని ఈడ్చినవాడు మాత్రం 'గోనె' అనేవాడు, అంతే.

ఆ గోనెను గూర్చి చెప్పాలి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా బడి ఆవరణలో బాల్ బ్యాడ్మింటన్ కోర్టు ఉండేది. ఇరవైనాలుగు మీటర్ల పొడవు, పన్నెండు మీటర్ల వెడల్పు, రెండు వైపులా అయిదుగురేసి ఆటగాళ్ళు, పసుపుపచ్చని ఉన్ని బంతి. తంజావూరు రాజకుటుంబం ఆడిన ఆట అంటారు. తెలుగువాడు జమ్మలమడక పిచ్చయ్యగారికి 1970లో అర్జున పురస్కారం వచ్చినది ఈ ఆటకే. శతాధిక వృద్ధులై 2021లో కన్నుమూసిన ఆయన పేరు చెప్పనిదే మా డ్రిల్లు మాస్టారు పిల్లలకు బ్యాటు ఇచ్చేవారు కారు. ఈ ఆటలో బంతి నేలను తాకకూడదు. ఇక నేల ఎట్లా ఉంటేనేమి అని నేనూ మొదట అనుకున్నాను. ఆడేది కాళ్ళతో కూడాను అన్న సంగతి పండితునికి ఆలస్యంగా తెలిసింది.

కోర్టు పక్కన రెండు బాదం చెట్లు, ఒక వేప. మా అటెండరు నాలుగు గోనెసంచులను కుట్లు విప్పి పరచి, రెండు పొరలుగా దబ్బనంతో పురికొస వేసి కుట్టినాడు. ముందు అంచులో వెదురుకర్ర దూర్చి, దాని రెండు కొనలకు మోకు కట్టినాడు. వెనుక అంచుకు పాత సైకిలు ట్యూబులో ఇసుక పోసి బిగించినాడు. ఆ బరువు లేకపోతే గోనె ఆకుల మీద తేలిపోతుందట. చీపురుతో ఊడవరాదా అని అడిగితే అతడు చెప్పిన మాట నాకు ఇప్పటికీ గుర్తు. "చీపురు ఆకుతో పాటు మన్ను కూడా ఎత్తకపోద్ది అయ్యవారూ. ఏడాది ఊడిస్తే గుంటలు పడతాయి. గోనె అయితే ఆకును పట్టుకుంటది, మన్నును సర్దుద్ది." పారిస్‌లోని రోలాండ్ గారోస్ కోర్టుల మీద ఉండే ఎర్ర ఇటుకపొడి పొర ఒకటి రెండు మిల్లీమీటర్లే. దానిని కూడా వలలు ఈడ్చియే సర్దుతారని ఎన్నో ఏండ్ల తరువాత చదివినప్పుడు ఆ మాటే చెవిలో పడింది. అతడు వెలుపలి నుండి లోపలికి చుట్లు వేసేవాడు. మూలల వద్ద గబుక్కున తిప్పేవాడు కాడు, తిప్పితే అక్కడ మన్ను కుప్ప పడుతుంది. చివరకు గోనెను బయట దులిపి, సున్నపు గీతలు మళ్ళీ వేసేవాడు. మంచు ఆరకముందే ఈడిస్తే తడి ఆకు నేలకు కరచుకుంటుందని కొంత ఎండ పొడిచేదాకా ఆగేవాడు. వాన పడిన రాత్రి తరువాత మాత్రం ముందు ఒక్కొక్క బాదం ఆకునూ చేత్తో ఏరేవాడు.

1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుఫాను మా వైపు వారెవ్వరూ మరువలేనిది. నేనున్న అద్దె ఇంటి పెంకులు సగం లేచిపోయినవి. కూలివాళ్ళు దొరకని రోజులు. కొన్నాళ్ళకు, డిసెంబరులో, ఒక ఉదయం అటెండరును ఇంటికి పిలిపించుకున్నాను. ఒక్క గంట అన్నాను. నాలుగు గంటలు పట్టింది. ప్రధానోపాధ్యాయులతో చెప్పలేదు. అంతకుముందు రాత్రి జల్లు పడింది. ఆ ఉదయమే పిల్లలు పోటీల ఎంపికకు ముందు సాధన చేస్తున్నారు. తొమ్మిదో తరగతి పిల్లవాడొకడు వెనుకకు పరుగెత్తుతూ తడి బాదం ఆకు మీద కాలు వేసి పడినాడు. కుడి మణికట్టు విరిగింది. వాడు మా జట్టులో అందరికంటె మంచి ఆటగాడు. ఆ సంవత్సరం ఎంపికకు వెళ్ళలేదు, మరుసటి సంవత్సరం బ్యాటు పట్టలేదు.

అటెండరుకు మెమో వచ్చింది. విధి నిర్వహణలో అలక్ష్యమునకు సంజాయిషీ ఇవ్వవలసినది. అతనికి సంతకం వరకే వచ్చును. బడిలో అర్జీలు, సంజాయిషీలు వ్రాసిపెట్టేది తెలుగు పండితుడే గనుక ఆ కాగితం పట్టుకొని నా వద్దకే వచ్చినాడు.

ఇప్పుడు చెప్పుకోవడం సులువు. ఆనాడు నాకు ఇరవైయేడేండ్లు, ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. నేను కలం తీసి అతని ముఖం వంక చూడకుండా, "ఏమని వ్రాయమంటావు?" అని అడిగాను. ఈ ప్రశ్న అడిగినందుకు నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు. పడిపోయిన పిల్లవాడి విషయంలో కూడా ఇంతగా కాదు, అది కొంత దైవాధీనం.

"ఏందో ఒకటి రాయండి అయ్యవారూ, మీకు తెలవందేముంది" అన్నాడు.

"తీవ్రమైన నడుమునొప్పి కారణముగా" అని మొదలుపెట్టాను. కారణంగా అని వ్రాసి, కార్యాలయ భాషకు తగదని కొట్టివేసి 'కారణముగా' అని దిద్దినట్లు కూడా గుర్తున్నది. పైకి చదివి వినిపించాను. అతడు కొంచెం ఆలోచించి, "నడుం వద్దు సార్, కడుపుదని రాయండి. నడుమంటే ఇంక నన్ను గోనె లాగనీయరు" అన్నాడు.

కడుపునొప్పి అని మార్చి మంచి కాగితం మీద ఎత్తి వ్రాశాను. సంతకం చేసి, మడిచి జేబులో పెట్టుకొని వెళ్ళినాడు. ఒకరోజు జీతం కోశారు. ఆ డబ్బు ఇవ్వబోతే పుచ్చుకోలేదు, ఎందుకు అని కూడా అడగలేదు. ఆ తరువాత అతడు బడిలో ఉన్నన్నాళ్ళూ ఆ ప్రసక్తి మా ఇద్దరి మధ్య రాలేదు. అతడు పోయి చాలా ఏండ్లయింది.

మరునాటి ఉదయం నేను బడికి వెళ్ళేసరికి కోర్టు నిండా గోనె జాడలు చుట్లు చుట్లుగా పడి ఉన్నవి. మా ఇంటి పెంకులు ఆ వానలన్నీ తట్టుకున్నవి, ఒక్క చుక్క కారలేదు.