మళ్ళీ మళ్ళీ వినదగిన పాప్ ఆల్బములు

చదివిన నవలను రెండవసారి చదివేవారు కొందరే ఉంటారు. విన్న పాటను మరల వినని వారు మాత్రం అరుదు. మధుమేహం, రక్తపోటు, మూత్రాంగముల వ్యాధుల గూర్చి ముచ్చటించుకొనే చోట పాప్ సంగీతమేమిటని మీకు తోచవచ్చు. త్యాగరాజ కీర్తనలు, ఘంటసాల పాటలు నాకు ఇంట్లో అబ్బినవి. పాప్ సంగీతం వైద్య కళాశాల వసతిగృహంలో, పొరుగు గదిలోని టేప్ రికార్డరు పుణ్యమా అని అబ్బింది. దాదాపు నాలుగున్నర దశాబ్దాలుగా వింటున్నా విసుగు కలిగించని ఆల్బములు నాకు కొన్ని ఉన్నాయి. వాటిని తలచుకుంటే వైద్య విషయాలు కూడా వెంట వస్తాయి. ఆ రెంటినీ కలిపి మీ ముందుంచుతున్నాను.

ముందుగా, తెలిసిన పాట మనకెందుకంత ప్రియమో చూద్దాం. సంగీతం వినేటప్పుడు మెదడు ఊరకే స్వీకరించదు. రాబోయే స్వరాన్ని ముందుగా ఊహిస్తూ ఉంటుంది. 2011లో కెనడాలోని మాంట్రియల్ పరిశోధకులు, ఇష్టమైన సంగీతం వింటున్నవారి మెదళ్ళను పరిశీలించారు. ఒళ్ళు పులకరించే ఘట్టంలో డోపమిన్ అనే రసాయనం విడుదల కావడం వారు గమనించారు. ఆ ఘట్టం రాబోతోందని ఎదురుచూసే క్షణాలలోనే అది మెదడులోని మరొక భాగంలో విడుదల కావడం మరింత ఆసక్తికరం. అంటే ఎదురుచూపు కూడా ఆనందంలో భాగమే. ముందుగా తెలియని పాటలో ఆ ఎదురుచూపుకు చోటు తక్కువ.

ఇక నా ఆల్బములలో మొదటిది 1970లో వెలువడిన కార్పెంటర్స్ వారి 'క్లోజ్ టు యు'. రిచర్డ్, కరెన్ అన్నాచెల్లెళ్ళు. కరెన్‌ది స్త్రీ కంఠాలలో మంద్రమైన కంఠం. ఎక్కడా గొంతు పెంచకుండా, పక్కన కూర్చుని మాట్లాడుతున్నట్లు పాడుతుంది. ఆమె డ్రమ్ములు వాయించడంలోనూ నిపుణురాలు. ఆ కరెన్ 1983 ఫిబ్రవరి 4న, 32 యేళ్ళకే మరణించింది. 'అనొరెక్సియా నెర్వోసా' అనే రుగ్మత యేళ్ళ తరబడి ఆమెను పీడించి, చివరకు గుండెను దెబ్బతీసింది. ఆ మరణంతోనే సామాన్య ప్రజలలో చాలామందికి ఈ వ్యాధి పేరు తెలిసింది.

ఈ వ్యాధి పాశ్చాత్యులకే పరిమితమని మీరు భావించవద్దు. నేను వృత్తిలో ఉన్న రోజులలో ఇంటర్మీడియట్ చదువుతున్న ఒక బాలికను తల్లి నా వద్దకు తీసుకువచ్చింది. "పిల్లకు ఆకలి చచ్చిపోయిందండీ, ఏదైనా టానిక్ వ్రాయండి" అని ఆమె కోరిక. బాలిక చేతులు చల్లగా ఉన్నాయి. నాడి మందగించింది. ఆరు నెలలుగా బహిష్టు లేదు. రక్తంలో పొటాసియం బాగా తగ్గి ఉంది. తల్లిని కాసేపు బయట కూర్చోమని చెప్పి నెమ్మదిగా అడిగితే, తాను లావుగా ఉన్నానని, తిన్నది వాంతి చేసుకుంటున్నానని చెప్పింది. ఆ పిల్లకు ఆకలి చావలేదు. ఆకలి కంటె భయం పెద్దదయింది. ఆస్పత్రిలో చేర్చి లవణాలు సరిదిద్దిన పిమ్మట, మానసిక వైద్యుల చికిత్సతో ఆమె కోలుకోవడానికి రెండేళ్ళు పట్టింది.

మీ యింట యుక్తవయస్సు పిల్లలు వేగంగా చిక్కిపోతున్నా, నలుగురితో కలిసి భోజనానికి కూర్చోకపోయినా, తిన్న వెంటనే స్నానాల గదికి వెళ్ళి తలుపు వేసుకుంటున్నా, దానిని మొండితనమని గద్దించకండి. పొటాసియం తగ్గితే గుండె లయ తప్పి ప్రాణాపాయం కలుగవచ్చు. వైద్యులకు చూపించండి.

రెండవది, 1977లో వచ్చిన 'సాటర్‌డే నైట్ ఫీవర్' చిత్రపు ఆల్బము. బీ జీస్ సోదరులు పాడిన 'స్టేయింగ్ అలైవ్' అందులోనిదే. ఆ పాట రికార్డు చేసే సమయానికి డ్రమ్ముల వాద్యకారుడు అందుబాటులో లేడు. అందుచేత 'నైట్ ఫీవర్' పాట నుండి కొద్దిపాటి తాళఖండాన్ని తీసుకొని, ఆ టేపును చుట్టగా అతికించి, తిప్పుతూ తాళంగా వాడుకున్నారు. అందుకే ఆ నడక ఎక్కడా తొణకదు. నిమిషానికి సుమారు 103 దెబ్బలు.

ఆ సంఖ్య వైద్యులకు బంగారం వంటిది. గుండె ఆగినవారికి ఛాతీపై అదుములు నిమిషానికి 100 నుండి 120 వరకు ఇవ్వాలి. పదవీ విరమణ తరువాత నేను కళాశాలలలో ఈ శిక్షణ ఇస్తున్నాను. నేర్చుకొనేవారు కంగారులో మరీ వేగంగానో, అలసటతో మరీ నిదానంగానో అదుముతారు. ఈ పాటను మనసులో పాడుకోమంటే చేతులు దారిన పడతాయి. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ కూడా ఈ పాటనే ప్రచారంలో వాడింది.

మీ ఎదుట ఎవరైనా కుప్పకూలి, పిలిచినా పలుకక, సహజంగా శ్వాసించకపోతే, 108కి ఫోన్ చేయించండి. ఆ వ్యక్తిని గట్టి నేలపై వెల్లకిల పడుకోబెట్టండి. ఛాతీ నడుమ, రొమ్ముటెముక క్రింది సగంపై అరచేతి మడమను ఉంచి, రెండవ చేతిని దానిపై వేసి, మోచేతులు వంచకుండా 5 నుండి 6 సెంటీమీటర్ల లోతుకు అదమండి. ప్రతి అదుము తరువాత ఛాతీని పూర్తిగా పైకి లేవనీయండి. సహాయం వచ్చే వరకు ఆపకండి. గుండె ఆగిన కొద్ది నిమిషాలలోనే మెదడు కణాలు నశించనారంభిస్తాయి. అంబులెన్సు వచ్చే లోపల ఆ మెదడుకు రక్తం అందించేవి మీ చేతులే.

మూడవది 1981 నాటి 'డిస్కో దీవానే'. కరాచీ బాలిక నాజియా హసన్ పాడగా, బెంగుళూరులో పెరిగి లండన్‌లో స్థిరపడిన బిడ్డు రూపొందించిన ఆల్బము. సినిమా అండ లేకుండా మన దేశంలో ఇంటింటా మ్రోగిన పాప్ సంగీతమిది. ఆ గొంతులోని పసితనం ఈనాటికీ వాడలేదు. నాజియా 2000 సంవత్సరంలో, 35 యేళ్ళకే ఊపిరితిత్తుల కర్కటవ్రణంతో కన్నుమూసింది. ఈ వ్యాధి పొగత్రాగే వృద్ధులకే వస్తుందనుకోవడం పొరపాటు. మూడు వారాలు దాటిన దగ్గును, కఫంలో రక్తపు చారను ఏ వయస్సులోనూ ఉపేక్షించరాదు.

నాలుగవది 1976 నాటి ఆబా బృందపు 'అరైవల్'. 'డాన్సింగ్ క్వీన్' ఇందులోనిదే. అగ్నేతా, ఫ్రీడాల గొంతులను పలుమార్లు రికార్డు చేసి, టేపు వేగాన్ని ఇసుమంత మార్చి ఒకదానిపై నొకటి పేర్చారు. అందుకే ఇద్దరు పాడితే ఇరవై మంది పాడినట్లు నిండుగా ఉంటుంది. ఐదవది 1982లో వెలువడిన మైఖేల్ జాక్సన్ 'థ్రిల్లర్'. మొత్తం తొమ్మిది పాటలు, నలభై రెండు నిమిషాలు. 'బిల్లీ జీన్' పాటలోని ధ్వనులను 91 సార్లు కూర్చి, చివరకు రెండవసారి కూర్చినదే మేలని ఎంచుకున్నట్లు ధ్వని నిపుణుడు బ్రూస్ స్వీడియన్ చెప్పారు.

ఈ రెండు ఆల్బములలోని పై స్థాయి ధ్వనులు ఇప్పుడు నాకు పూర్తిగా వినిపించవు. నిరుడు చేయించుకున్న శ్రవణ పరీక్షలో 4,000 హెర్ట్జ్ దాటిన ధ్వనులు నాకు బాగా మందగించాయని తేలింది. 'బిల్లీ జీన్' మొదట్లోని తాళపు చిఱు సవ్వడిని చెవి సగమే అందిస్తోంది. మిగిలిన సగం జ్ఞాపకం పూరిస్తోంది. వినికిడి యంత్రం పెట్టుకొన్నాక కొంత తిరిగి వచ్చింది. మాటలలో కూడా 'స', 'త', 'ఫ' వంటి హల్లులు మరల తేటపడ్డాయి. కళ్ళద్దాలకు సిగ్గుపడని మనం వినికిడి యంత్రానికి సిగ్గుపడతాం. సరిదిద్దని చెవుడు మతిమరుపు వ్యాధికి దోహదం చేసే కారణాలలో ఒకటని మరువకండి.

మన లోపలి చెవిలో ఒక్కొక్క ప్రక్కన సుమారు పదిహేను వేల రోమకణాలుంటాయి. అవి నశిస్తే తిరిగి పుట్టవు. వయస్సు కొన్నిటిని తీసుకుపోతుంది. పెనుధ్వని మరికొన్నిటిని ముందుగానే తీసుకుపోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన ప్రకారం 80 డెసిబెల్స్ ధ్వనిని వారానికి 40 గంటలు వినవచ్చు. 90 డెసిబెల్స్ అయితే 4 గంటలే. ఫోన్‌లో శబ్దాన్ని అరవై శాతం దాటనీయకండి. మధ్య మధ్య చెవులకు విశ్రాంతి నివ్వండి. విన్న తరువాత చెవులలో గింగురుమంటే అది హెచ్చరిక అని గ్రహించండి.

ఇవి నా ఆల్బములు. మీవి వేరుగా ఉంటాయి, ఉండాలి కూడా. పదిహేను నుండి ముప్పై యేళ్ళ నడుమ విన్న పాటలే మనిషిలో గాఢంగా నాటుకుంటాయి. మీ యింట జ్ఞాపకశక్తి సన్నగిల్లుతున్న పెద్దలుంటే, వారి యౌవనంలోని పాటలేవో అడిగి తెలుసుకొని, తక్కువ ధ్వనిలో వినిపించండి. పిల్లల పేర్లు తడుముకొనేవారు కూడా పాటలోని తరువాతి చరణాన్ని తప్పక అందుకోవడం నేను పలుమార్లు చూశాను. అప్పుడు వారి ప్రక్కన కూర్చుని మీరూ గొంతు కలపండి.