సాఫ్ట్‌వేర్‌కి ఆగడం తెలియాలి

"మీ సిస్టమ్ ఎంత నమ్మకమైనది?" అని అడిగితే మనవాళ్ళు వెంటనే అప్‌టైమ్ లెక్క చెప్తారు. నాకైతే అది సగం జవాబే అనిపిస్తుంది.

మాది కోనరావుపేట. పక్కనే సిరిసిల్ల, సాంచల ఊరు. సాంచ మీద పేక పోగు తెగితే ఒక చిన్న ఫోర్కు పసిగట్టి సాంచని ఆపేస్తుంది. ఆపకపోతే ఆపైన నేసేదంతా పాడు బట్టే. 1983లో ష్లిచ్టింగ్, ష్నైడర్ "ఫెయిల్-స్టాప్" ప్రాసెసర్ల గురించి రాసిందీ దాదాపు ఇదే: చెడితే తప్పుడు జవాబివ్వకు, ఆగిపో.

ఈ రీసెర్చ్ మొదట్లో ఎక్కువగా హార్డ్‌వేర్ గురించే. పార్టులు చెడిపోతాయి కాబట్టి ఒకటికి రెండు పెట్టుకోవడం. 1971లో ఫాల్ట్ టాలరెంట్ కంప్యూటింగ్ సదస్సులు మొదలయ్యాయి. తర్వాత అవిజియెనిస్, లాప్రీ లాంటివాళ్ళు మూడు మాటల్ని విడదీసి చెప్పారు. ఫాల్ట్ అంటే మూలకారణం, ఎర్రర్ అంటే దానివల్ల లోపల పుట్టిన తప్పు, ఫెయిల్యూర్ అంటే ఆ తప్పు బయటి మనిషిని తాకడం. మనిషి పొరపాటు కూడా ఫాల్టే.

ఇప్పుడు 2019 ఏప్రిల్‌లో వచ్చిన తెలంగాణ ఇంటర్ ఫలితాలు గుర్తు తెచ్చుకోండి. ఒకమ్మాయికి తెలుగులో సున్నా వచ్చింది. తీరా చూస్తే అసలు మార్కులు 99! ఓఎమ్మార్ షీట్‌లో 99కి బదులు 00 బబ్లింగ్ చేశారట. బాధ్యుల మీద చర్యలూ తీసుకున్నారు. బానే ఉంది. కానీ లక్షల పేపర్లు దిద్దే చోట ఎవరో ఒకరు పొరబడతారని ముందే తెలియదా? మిగతా సబ్జెక్టులు పాసై ఒక్కదాంట్లో సున్నా వస్తే, ఆ ఒక్క రిజల్టు ఆపి పేపరు మళ్ళీ చూడమనడానికి ఎన్ని లైన్ల కోడ్ కావాలి?

ఆ ఫలితాల తర్వాత ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. వాళ్ళందరి మార్కులూ తప్పని నేననడం లేదు. రీవెరిఫికేషన్‌లో వెయ్యిమందికి పైగా పాసయ్యారు, ఫెయిలైన మూడు లక్షల పైచిలుకులో అది చిన్న భాగమే. కానీ నమ్మకం పోయాక, సరైన మార్కుల్ని కూడా ఎవరు నమ్ముతారు?

ఇక ముందు ఇంకా కష్టం. ఏఐ మోడల్ తప్పు చెప్పేటప్పుడు కూడా ఒప్పు చెప్పినంత ధీమాగానే చెప్తుంది. దానికి "నాకు తెలియదు" అనడం నేర్పడమే ఇప్పటి రీసెర్చ్‌లో పెద్ద పని.

రేపు మీరు రిలీజ్ చేసే కోడ్‌లో పోగు తెగితే ఎవరికి తెలుస్తుంది? సిస్టమ్‌కా, కస్టమర్‌కా?