పట్టా ఎందుకు తెగింది?

యాసంగి కోతలు మొదలైతే వనపర్తిలో మా దుకాణానికి ఫజర్ నుంచే ఫోన్లు. జూరాల నీళ్ల కింద గద్వాల వైపు, కల్వకుర్తి ఎత్తిపోతల కింద నాగర్‌కర్నూల్ వైపు వరికోత మిషన్లకు ఫుర్సత్ ఉండదు. "భాయి, పట్టా తెగింది, కొత్తది జల్దీ పంపు" అంటారు. పైన మబ్బు, కింద కోతకొచ్చిన వరి. వాన పడితే రైతుకు నుక్సాన్, మిషన్ ఆగితే ఓనర్‌కు కిరాయి పోతుంది. అయినా నేను ముందు ఒక సవాల్ అడుగుతాను: "ఇంతకుముందు ఎప్పుడు మార్చారు?"

అబ్బా నా ఉస్తాద్ కూడా. "తెగిన పట్టా ముల్జిమ్ కాదు బేటా, గవాహ్. పారేయకుండా చదువు" అనేవారు. పక్కలు అద్దంలా మెరిస్తే పట్టా వదులై జారుతోందని అర్థం. ఒక్క అంచే అరిగితే పుల్లీలు వరుసలో లేవు. అడుగుభాగం మెరిస్తే పుల్లీ గాడి అరిగిపోయి పట్టా లోపలికి దిగుతోంది. వీ-పట్టా పక్కలతోనే పట్టుకోవాలి, అడుగు తగలకూడదు.

పోయిన యాసంగిలో గద్వాల దగ్గర ఒక మిషన్ వారంలో మూడు పట్టాలు తెంపింది. నకిలీ మాల్ ఇచ్చానని ఓనర్‌కు గుస్సా. వెళ్లి చూస్తే మూడింటికీ ఒకే అంచు అరిగింది. పట్టాను బిగించి పట్టే టెన్షనర్ పుల్లీని చేత్తో తిప్పితే గరగరమంది. బేరింగ్ ఖతం, పుల్లీ పక్కకు ఒరిగింది. చేయి తిరిగే కీలు దగ్గర గడ్డి, దుమ్ము గట్టిపడి స్ప్రింగు లాగినా చేయి కదలడం లేదు. శుభ్రం చేసి, బేరింగ్ మార్చి, రెండు పుల్లీల ముఖాల మీదుగా దారం బిగించి వరుస చూశాను. దారం నాలుగు చోట్లా తగిలింది. అయిన ఖర్చు ఒక పట్టా కన్నా తక్కువే. ఆ సీజన్‌లో ఆ మిషన్ కోసం మళ్లీ ఫోన్ రాలేదు.

పట్టా అమ్మడం ఆసాన్. నాలుగో పట్టా కూడా అమ్మి ఉండొచ్చు. కానీ ఆ ఓనర్ ఇచ్చే పైసలో రైతు మెహనత్ ఉంది.

కొత్త పట్టాను గడ్డపారతో పుల్లీ మీదికి ఎక్కించకండి, లోపలి దారాలు తెగుతాయి. టెన్షనర్ వదులు చేసి చేత్తో ఎక్కించండి. జంట పట్టాల్లో ఒకటి తెగినా రెండూ మార్చాలి. కొత్త పట్టా కొన్ని గంటల్లో కాస్త సాగుతుంది, మళ్లీ బిగువు చూడండి. అతిగా బిగిస్తే బేరింగులు పోతాయి.

మన ఇళ్ల పిల్లలు చాలామంది ఈ మిషన్ల మీద హెల్పర్లు. అమ్మీలు, అబ్బాలు వాళ్లకు ఒక మాట చెప్పండి: ఇంజన్ ఆపి, తాళంచెవి తన జేబులో వేసుకుని, పుల్లీలు పూర్తిగా ఆగాకే చేయి పెట్టాలి. ఓనర్ ఎంత జల్దీ చేసినా సరే. పట్టా దుకాణంలో దొరుకుతుంది, వేళ్లు దొరకవు.